రెండో కాలు

ఆ ఏడు ఎండలు ముదిరేనాటికి మా నాన్నకు కుట్లు మానాయి. షుగరు పుండు ముందు బొటనవేలిని తిన్నది, తర్వాత పాదాన్ని. చివరికి డాక్టర్లు కుడికాలు మోకాలి కింద జానెడు ఉంచి తీసేశారు. కట్టు విప్పిన రోజు నాన్న దానివంక కాసేపు చూసుకుని, "చెట్టు కొట్టేశాక మిగిలేది మోడేగా," అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో దాని పేరు మోడే అయింది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. మంచం పక్కన వంగి కూచుని, ఎముక ఎక్కడ పొడుచుకొస్తోందో, చర్మం ఎక్కడ పలచబడిందో చూపుడువేలితో తడిమి చూస్తోంది.

అది ఆమె పనే. ఆస్పత్రి వెనక కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపులో అక్క పదమూడేళ్ళుగా కాళ్ళు చేస్తోంది. చేసిన కాలు తొడుక్కున్నవాళ్ళకు నడక నేర్పడం నా పని. అక్క చేతిలో పడ్డ కాలు బయటికి రావడం ఆలస్యమయ్యేది గానీ, వచ్చాక ఇక తిరిగొచ్చేది కాదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పని మొదటికి తెస్తుందని తోటివాళ్ళు ఆమెకు వెంట్రుకవాసమ్మ అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. కానీ తమ ఇళ్ళల్లో ఎవరికైనా కాలు కావలసి వస్తే మాత్రం వర్క్‌షాపు నడిపే పెద్దాయన దగ్గరికెళ్ళి, వెంట్రుకవాసమ్మకే ఇవ్వండని బతిమాలుకునేవాళ్ళు.

ఆ పట్టింపు నాన్న పెట్టిందే. నాన్న వడ్రంగి. మా వీధి చివర ఆయన కొట్టు ఉండేది. సెలవుల్లో మేమిద్దరం అక్కడే పడి ఉండేవాళ్ళం. చెక్కకు చిత్రిక పట్టి తెచ్చి చూపిస్తే, బొటనవేలితో అంచంతా రాసి చూసి, పక్కన పెట్టి, "మళ్ళీ," అనేవాడు. కోపమూ లేదు, విసుగూ లేదు. ఆ ఒక్క మాటే. రెండోసారికే నేను గోడ దూకి పారిపోయేదాన్ని. అక్క పదోసారికి కూడా అక్కడే ఉండేది. బాగా కుదిరినప్పుడు నాన్న ఏమనేవాడో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాదు. ఏమీ అనేవాడు కాదనుకుంటాను. చెక్క తీసుకుని పనిలో వాడేసేవాడు, అంతే.

కొలతలు తీసే ముందు వర్క్‌షాపు పెద్దాయన అక్కను పిలిచి, సొంతవాళ్ళ కాలు సొంతవాళ్ళు చేయకూడదని, చెయ్యి తడబడుతుందని, నాన్న కాలు తానే చేస్తానని చెప్పాడు. అక్క సరేనంది. ఆమెకు కాస్త బరువు తగ్గినట్టుందని నాకనిపించింది. రెండు రోజులయ్యాక ఆయనే మళ్ళీ వచ్చి, ఏమనుకున్నాడో ఏమో, "నువ్వే చెయ్యమ్మా," అన్నాడు. అంతకంటే ఏం చెప్పలేదు. ఆయన తనకేదో పరీక్ష పెట్టాడని అక్క నమ్మింది.

అచ్చు తీసే రోజు నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. అక్క తడి ప్లాస్టరు పట్టీ మోడు చుట్టూ చుడుతుంటే, ఇంత మెత్తగా చుడుతున్నావేంటి, నేనేమైనా పొత్తిళ్ళలో బిడ్డనా అని వేళాకోళం చేశాడు. తర్వాత మా ఇద్దరినీ చూసి, కొట్టుకొచ్చిన బేరగాడిలా గొంతు సర్దుకుని, వానలు పడేలోపు నన్ను నిలబెడతారా అని అడిగాడు.

"కూచుని చిత్రిక పట్టలేం," అన్నాడు. "మడమ మీంచి రావాలి బరువు. నాకు ఊరు తిరగాలని లేదు. నా బల్ల దగ్గర నిలబడితే చాలు."

పదిహేను రోజుల్లో నిలబడతావని నేను చెప్పాను. అక్క పట్టీ చివర అదిమి, తడి చేతులు తుడుచుకుంది.

మొదటి కాలు నిజంగానే కుదరలేదు. ముందువైపు ఎముక దగ్గర కొరుకుతోందని నాన్న మొదటి అడుగుకే చెప్పాడు. అలాంటివి మామూలే. మోడు దూర్చే తొడుగు మొదటిసారే కుదిరేది పదిమందిలో ఇద్దరికి. అక్క దాన్ని విప్పుకుని వెళ్ళిపోయింది. భోజనాల వేళ దాటినా బల్ల దగ్గర నుంచి లేవలేదు.

రెండోదానికి వారం పట్టింది. అది తొడిగిన మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. నడక గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. రెండు కమ్మీల మధ్య నాన్న లేచి నిలబడ్డాడు. కుడివైపు బరువు మోపి, ఒక్క క్షణం ఆగి, కదిలాడు. ఆరడుగులు వెళ్ళి, ఆరడుగులు తిరిగొచ్చాడు. మూడో విడత నేను చెప్పకుండానే ఎడమచెయ్యి కమ్మీ మీంచి తీసేశాడు. గది చివర నిలువుటద్దం ముందు ఆగి, తనని తాను పైనుంచి కిందిదాకా చూసుకుని, చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ఎంతమందికి నడక నేర్పానో లెక్క చెప్పలేను. కానీ ఒక్కటి తెలుసు. అద్దం ముందు మనిషి కాలు సంగతి మరిచిపోయి చొక్కా సర్దుకున్నాడంటే, ఆ కాలు అతనిదైపోయినట్టే.

తొడుగు తీసి చూస్తే ఎముక మీద ఎర్రగా కందింది. అది ఎవరికైనా కందుతుంది. పది నిమిషాల్లో ఆ ఎరుపు పోతే కాలు కుదిరినట్టు, పోకపోతే లేనట్టు. ముగ్గురం గోడ గడియారం చూస్తూ కూచున్నాం. ఎనిమిదో నిమిషానికి పోయింది.

"బాగుందమ్మా," అన్నాడు నాన్న.

అక్క ముఖంలో నెత్తుటిచుక్క లేదు. సంతోషం తట్టుకోలేక అలా అయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ మాట ఆయన నోటి నుంచి రావడమే ఆమెను భయపెట్టింది. ముప్పై ఆరేళ్ళలో వినని మాట. కాలు పోయిన మనిషి, ముసలితనంలో, కూతురి మనసు నొప్పించడం ఇష్టంలేక అన్నాడనుకుంది.

నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"నిజం చెప్పు," అంది. "నడక చూడటం నీకొచ్చినట్టు నాకు రాదు. ఇచ్చెయ్యచ్చా?"

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. దానికి రెండు నెలల ముందు ఒక బస్సు కండక్టరుకు కాలు బాగుందని నేను ఒప్పుకుని పంపించాను. వారం తిరక్కుండా పుండుతో తిరిగొచ్చాడు. లోపల వేసుకోవలసిన మేజోడు లేకుండా మూడు రోజులు డ్యూటీ చేశాడని అతనే చెప్పాడు. నా తప్పేం లేదని పెద్దాయన పదిమందిలో అన్నాడు. అయినా ఆ పుండు నా కళ్ళల్లోంచి పోలేదు. అప్పటినుంచి ఎవరు నడిచినా రెండుసార్లు, మూడుసార్లు నడిపించేదాన్ని. ఇంటికెళ్ళాక కూడా వాళ్ళ అడుగులు మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. పదేళ్ళుగా నమ్ముకున్న నా కంటిమీద నాకే నమ్మకం పోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా.

"చేసిన నీకు తెలియంది నాకేం తెలుస్తుంది," అన్నాను. "నీకెలా అనిపిస్తే అలా చెయ్యి."

అక్క తలూపింది. వెళ్ళి, చివర కొంచెం సర్దాలి, రెండ్రోజులు ఓపిక పట్టమని నాన్నకు చెప్పింది. నాన్న నావైపు చూశాడు. నేను కమ్మీలు తుడుస్తున్నట్టు తల దించుకున్నాను. అక్క ఆ కాలును గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి అలమారలో పెట్టింది.

ఆ రెండ్రోజులు నెల దాటాయి.

తొడుగు లేకుండా రోజులు గడిచేకొద్దీ మోడు సన్నబడుతూ వచ్చింది. ఎవరికైనా అంతే, మొదటి నెలల్లో అది కుదించుకుపోతుంది. అందుకే ఉన్నంతలో కుదిరింది ముందు తొడిగి నడిపించేసి, వదులైతే ఇంకో మేజోడు వేసి, ఆర్నెల్లకు కొత్తది చేస్తాం. ఈ మాట కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేదే మా అక్క. కానీ మూడో కాలు వదులయ్యేసరికి అది తన కొలత తప్పేనని నోట్‌బుక్కులో రాసుకుంది. నాలుగోది కుదిరింది. నాన్న బాగుందనే అన్నాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. పాదం బయటికి తిరిగి ఉందని అక్క విప్పేసింది. ఆ తిరగడం నా కంటికి కనపడలేదు. పెద్దాయనకూ కనపడలేదు. ఆయన ఇచ్చేయమని మెల్లగా చెప్పి చూశాడు. ఆమె సరేనని, తలొంచుకుని అచ్చు మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. ఆ నెలలోనే వేరేవాళ్ళకు ఏడు కాళ్ళు చేసి ఇచ్చింది, ఒక్కటీ తిరిగి రాలేదు. ఆమె చెయ్యి చెడిపోలేదు. నాన్న దగ్గరికొచ్చేసరికే చెక్క పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లైపోయేది.

ఇంట్లో నాన్న కిటికీ పక్క కుర్చీలో కూచుని వీధి చివరికి చూస్తూ ఉండేవాడు. అక్కణ్ణుంచి ఆయన కొట్టు రేకులు కనపడతాయి. పలకరించడానికి ఎవరైనా వచ్చి కాలు ఎంతవరకొచ్చిందని అడిగితే, ఊరందరికీ కాళ్ళిచ్చే ఇల్లు కదా, నా వంతు రావడానికి టైం పడుతుంది మరి అని నవ్వించేవాడు. అక్క ఇంట్లో ఉంటే మాత్రం ఆ మాట అనేవాడు కాదు.

ఒక ఆదివారం పొద్దున అక్క వర్క్‌షాపుకు వెళ్ళాక ఆయనకు టీ ఇస్తూ, నువ్వు గట్టిగా చెప్పచ్చుగా నాన్నా అన్నాను. ఆయన గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పాడు.

"చెప్తూనే ఉన్నాగా. నేను చెప్తే అది నమ్మట్లేదు," అన్నాడు. "దాన్నేమీ అనకు. మంచి మాట చెప్పడం నాకు అలవాటులేదు, వినడం దానికి అలవాటులేదు. నువ్వు చెప్పు. నీ మాట వింటుంది."

చెప్తానన్నాను.

చెప్పలేదు. ఆ సాయంత్రం అక్క వచ్చేసరికి ఆమె వేళ్ళ కొసలు గరుకు కాగితం రుద్ది రుద్ది చిట్లి ఉన్నాయి. భోజనం దగ్గర ముద్ద కలుపుతుంటే కారానికి మంటపుట్టి విలవిల్లాడింది. ఆ చేతుల్ని చూస్తూ, ఇదంతా అక్కర్లేదు, రెండోదే సరిపోయింది అనడానికి నాకు నోరు రాలేదు. పైగా లోపల ఒకటి కొరుకుతూనే ఉంది. నిజంగా సరిపోయిందా? ఒకవేళ నాన్న మోడు పుండైతే? షుగరు ఒంటికి పుండంటే మళ్ళీ కోతే. రేపు చెప్దాం, ఐదోది తొడిగి చూశాక చెప్దాం అనుకున్నాను. అలా ఎన్ని రేపులు పోయాయో.

ఐదోది రేపు తొడుగుతామనగా, మధ్యాహ్నం రెండింటికి కింది వాటా ఆవిడ వర్క్‌షాపుకు ఫోన్ చేసింది.

నాన్న ఊతకర్రలతో మెట్లు దిగబోయాడట. పదకొండు మెట్లు. నాలుగు బాగానే దిగాడని ఆవిడ చెప్పింది. చప్పుడుకు ఆవిడ తలుపు తీసేసరికి కింద పడి ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. కొట్టు తాళంచెవి గుప్పిట్లో ఉంది. మమ్మల్ని పిలవద్దని, పనిలో ఉంటారని చెప్పాడట.

ఉన్న కాలివైపు తుంటి విరిగింది. వయసుకీ షుగరుకీ వెంటనే ఆపరేషను కుదరదన్నారు. నాలుగో రోజుకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. అదే ఆస్పత్రి, మూడో అంతస్తు. వార్డు కిటికీలోంచి చూస్తే మా వర్క్‌షాపు కప్పు కనపడేది. అక్క ఆ కిటికీకి వీపు పెట్టి కూచునేది. ఆయన ఎడమపాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మడమ దగ్గర నుంచి వేళ్ళదాకా మెల్లగా రాస్తూ ఉండేది.

ఆరో రోజు పొద్దున నాన్నకు జ్వరం తగ్గి, మాట కాస్త తేటపడింది. నర్సు తల వెనక దిండు ఎత్తు చేసి వెళ్ళింది. అక్క చేతులు చూసి, ఏమిటే ఆ వేళ్ళు, నూనె రాసుకోవచ్చుగా అన్నాడు. కాసేపయ్యాక, ఎవరో అడిగినట్టు, కాలు సంగతి ఎత్తాడు.

"మీ పెద్దాయన తనే చేస్తానన్నాడు. వద్దన్నాను. నా పెద్దకూతురు చేస్తేనే తొడుక్కుంటాను, లేకపోతే ఊతకర్రలు చాలన్నాను."

అక్క చేతులు ఆగిపోయాయి.

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేమిటే. నీకంటే బాగా చేసేవాళ్ళు అక్కడ లేరుగా." ఆయన దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు. "నీ పని నీ పదేళ్ళప్పుడే చూశాను నేను. కొట్టు బయటి తలుపుకి వేసిన పలకలు నువ్వు చిత్రిక పట్టినవే. చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. అక్క తల అడ్డంగా ఊపింది.

"చెప్పాననుకున్నాను," అన్నాడు నాన్న. నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు పైకప్పు వంక చూశాడు.

అక్క ఆయన పాదం మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. నేను నీళ్ళు తెస్తానని చెప్పి బయటికొచ్చేశాను. నీళ్ళసీసా మంచం పక్కనే నిండుగా ఉంది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, వర్షం మొదలైన అరగంటకు, నాన్న పోయాడు. అప్పుడు మేమిద్దరం పక్కనే ఉన్నాం. ముందు ఊపిరి తీసుకోవడం కష్టమైంది, తర్వాత కష్టపడటం ఆగిపోయింది.

అక్క మూడు వారాలు ఇల్లు కదలలేదు. ఆమె పేరు మీద పదకొండు మంది కాళ్ళు ఆగిపోయి ఉన్నాయి. రోజూ ఎవరో ఒకరు నడక గదిలోకి తొంగిచూసి, వెంట్రుకవాసమ్మ ఎప్పుడొస్తుందని నన్ను అడిగేవాళ్ళు. చివరికి పెద్దాయనే గొడుగు వేసుకుని ఇంటికొచ్చాడు. అక్క ఆయనకు కుర్చీ వేసింది, టీ పెట్టింది, చెప్పిందంతా విన్నది. వస్తానంది. కానీ కాళ్ళు చేయనంది. ఊతకర్రలకు రబ్బరు బిళ్ళలు బిగించడం, కాలు జారకుండా బిగించే పటకాలు కుట్టడం లాంటి పని ఏదైనా ఉంటే ఇవ్వమంది. ఆయన ఎంతో చెప్పి చూశాడు. తప్పు నీది కాదన్నాడు, పదమూడేళ్ళలో నువ్వు నిలబెట్టిన మనుషుల్ని వరసగా నిలబెడితే ఈ వీధి చాలదన్నాడు.

"మీరు మంచివారు కాబట్టి అలా అంటారు," అంది అక్క.

అప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నాన్న బాగుందమ్మా అన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది. మెచ్చుకోలు చెవిన పడితే చాలు, దాని వెనక జాలి ఎక్కడుందా అని వెతుకుతుంది.

ఆ వర్షాకాలమంతా ఆమె వర్క్‌షాపు వెనక గదిలో పటకాలు కుట్టింది. ఆ పటకాలు కూడా ఎంత బాగా కుట్టిందంటే, మిగతావాళ్ళు కుట్టినవి వాటి పక్కన పెట్టడానికే సిగ్గుపడేవాళ్ళు. ఆమె పేరు మీదున్న పదకొండు మందికీ కాళ్ళు వేరేవాళ్ళు చేశారు. నాలుగు తిరిగొచ్చాయి.

నేను మాత్రం అప్పటినుంచి ఎవరు అడిగినా సూటిగా చెప్తున్నాను. కుదిరితే కుదిరిందని, లేకపోతే లేదని. ఒకటి రెండుసార్లు తప్పాను కూడా. తప్పితే సరిదిద్దుకోవచ్చు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు, పని ముగిసే వేళకు నేను వెనక గదికి వెళ్ళాను. అక్క కుట్టు మిషను ముందు దారం ఎక్కిస్తోంది. ఎదురుగా స్టూలు మీద కూచున్నాను. ఇంటి దగ్గర కుదరదని, ఇక్కడైతేనే చెప్పగలనని అనుకుని వచ్చాను. కండక్టరు పుండు గురించి చెప్పాను. నాన్న చొక్కా కాలరు గురించి చెప్పాను. ఆదివారం పొద్దున ఆయన నాకప్పజెప్పిన మాట గురించి చెప్పాను. అక్క వింటూ దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"రెండోది సరిపోయింది అక్కా," అన్నాను. "ఆ రోజే నాకు తెలుసు. నేను చెప్పుంటే ఇచ్చేసేదానివి కదూ?"

"లేదే," అంది అక్క. "నువ్వు చెప్పినా నమ్మేదాన్ని కాదులే. వదిలెయ్."

మా అక్క ఏ ప్రశ్నకీ అంత తొందరగా జవాబివ్వదు. టీలో చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగినా ఒక్క క్షణం ఆలోచించి చెప్పే మనిషి.

సూది బెజ్జంలోకి దారం ఎక్కించి, మిషను చక్రం తిప్పింది. నేను నమ్మినట్టే తలూపాను.